చార్జర్ నుంచి చార్జర్‌కి: ఎలక్ట్రిక్ కారులో దేశం ఆ కొసకి

ఎలక్ట్రిక్ కారులో దేశం ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్తున్నామని చెప్పగానే తెలిసినవాళ్ళంతా అడిగింది ఒకటే. ‘ఒకసారి చార్జ్ చేస్తే ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?’ దారిలో ఆ అంకె నాకు పెద్దగా అక్కరకు రాలేదు. రాత్రంతా చార్జింగ్ పెట్టుకున్న పొద్దున తప్ప బండి ఎప్పుడూ నూరు శాతంతో కదలదు. హైవే మీద మేం గడిపిన కాలమంతా 10 శాతానికీ 80 శాతానికీ మధ్యనే. అసలు అడగాల్సినవి వేరే రెండు. వచ్చే చార్జర్ దగ్గరికి ఎంత శాతంతో చేరతాం? అది పనిచేయకపోతే ఆ మిగిలినదానితో ఇంకో చార్జర్ దాకా వెళ్ళగలమా? వీటికి జవాబు చేతిలో ఉన్న రోజు ప్రయాణం హాయిగా సాగింది. లేని రోజు టెన్షనే.

మా బండి మధ్యరకం ఎస్‌యూవీ. వాడుకోడానికి దొరికే బ్యాటరీ 60 యూనిట్లు, అంటే 60 కిలోవాట్ అవర్లు. నాతో వచ్చింది మా అన్నయ్య. లెక్కల మాస్టారు. ఏళ్ళ తరబడి డీజిల్ బండి నడిపిన మనిషి, స్టీరింగ్ ముందు కూర్చుంటే ట్యాంకు సగం ఖాళీ అయ్యేదాకా దిగడు. ‘రెండు గంటలకోసారి ఆపుతానంటే చెప్పు, నేను రైల్లో వస్తా’ అని బయల్దేరే ముందే బెదిరించాడు. అన్నాడు గానీ బండే ఎక్కాడు.

కంపెనీ కాగితం మీద మా బండి రేంజ్ 430 కిలోమీటర్లు. ఆ కాగితాన్ని అబద్ధమనలేం. కాకపోతే అందులో ఉన్న ప్రయాణం మనం చేసేది కాదు. డబ్ల్యూఎల్‌టీపీ అనే పరీక్షలో బండిని ల్యాబ్‌లో రోలర్ల మీద అరగంట సేపు, 23 కిలోమీటర్ల పైచిలుకు నడుపుతారు. మధ్యలో ఆగడాలు కూడా కలుపుకుంటే సగటు వేగం గంటకు 46.5 కిలోమీటర్లు. 131 దాకా కూడా వెళ్తుంది గానీ అది కాసేపే. హైవే మీద గంటల కొద్దీ ఒకే స్పీడులో పోయేవాడికి ఆ సగటుతో పనేముంది?

హైవే మీద కరెంటు తినేది గాలి. స్పీడు పెరిగేకొద్దీ గాలి అడ్డుకునే బలం దాని వర్గంతో పెరుగుతుంది. టైర్ల రాపిడి మాత్రం పెద్దగా మారదు. మా బండి తెర మీద చూసిన అంకెలు చెబుతాను. చదును రోడ్డు, గాలి లేని రోజు. 80 స్పీడులో 100 కిలోమీటర్లకి 13 యూనిట్లు. 100లో పదహారున్నర. 120లో 21. ఈ మూడు అంకెలు ఒక కాగితం మీద రాసి అద్దం కింద అంటించాను. ప్రయాణం మొత్తానికి మేం ఎక్కువసార్లు చూసిన కాగితం అదే.

అన్నయ్య ఊరుకుంటాడా, మొదటి రోజే దాంతో లెక్క మొదలుపెట్టాడు. 10 నుంచి 80 శాతం అంటే 42 యూనిట్లు. 120లో వెళ్తే దానితో 200 కిలోమీటర్లు, 100లో వెళ్తే 255. మంచి ఫాస్ట్ చార్జర్ దొరికితే ఆ 42 యూనిట్లు ఎక్కడానికి 35 నిమిషాలు. చార్జింగ్ టైము కూడా కలిపి చూస్తే 120లో వెళ్ళినవాడి సగటు గంటకు 89 కిలోమీటర్లు పడుతుంది, 100లో వెళ్ళినవాడిది 81. అంటే ఎక్కువ కరెంటు తగలేసినా వేగంగా వెళ్ళినవాడే ముందు చేరతాడు. అదే ముందున్నది 25 కిలోవాట్ల చార్జర్ అనుకోండి. 42 యూనిట్లకి గంటా నలభై నిమిషాలు. అప్పుడు ఇద్దరి సగటూ 60 దగ్గరే ఆగిపోతుంది. వేగంగా వెళ్ళి సంపాదించిందంతా చార్జర్ దగ్గర నిలబడి కక్కేయాలి.

ఈ లెక్క తేలాక మా డ్రైవింగే మారిపోయింది. బయల్దేరే ముందు ముందున్న చార్జర్ ఎంత పెద్దదో చూడటం, దాన్ని బట్టి స్పీడు పెట్టుకోవడం. పెద్ద చార్జర్ ఉంటే రోడ్డు ఒప్పుకున్నంత స్పీడు. చిన్నది ఉంటే 90 దాటడం వృథా. డీజిల్ బండిలో ఇలాంటి ఆలోచనే ఉండదు, పంపు ఏదైనా నిమిషాల్లో నింపేస్తుంది.

చార్జర్ ఎంత పెద్దదో తెలుసుకోవడంలో కూడా ఒక తిరకాసు ఉంది. దాని మీద రాసిన కిలోవాట్లు మనకి అందుతాయన్న నమ్మకం లేదు. 60 అని రాసి రెండు గన్‌లు, అంటే బండికి తగిలించే ప్లగ్‌లు, ఉన్న యంత్రానికి పక్కన ఇంకో బండి వచ్చి తగిలించిందంటే చాలాచోట్ల చెరి 30 అయిపోతుంది. మేం 52తో లాగుతుండగా పక్కన ఎవరో గన్ పెట్టడం, మా తెర మీద అంకె సగానికి పడటం, అన్నయ్య ఆయన వంక గుర్రుగా చూడటం. ఆ పెద్దమనిషి తప్పేముంది? ఇంకోచోట 150 అని రాసి ఉంది. మాకు వచ్చింది 70. యంత్రం పాడైందేమో అని అన్నయ్య దాని పక్కన అంటించిన చిన్న అక్షరాలు చదివాడు. గరిష్ఠంగా 200 ఆంపియర్లట. మా బ్యాటరీ 350 వోల్టుల దగ్గర ఉంది. 200ని 350తో హెచ్చిస్తే 70,000 వాట్లు. సరిగ్గా 70 కిలోవాట్లు. అదే గన్‌ని 800 వోల్టుల బండికి పెడితే రెట్టింపు లాగేది. లెక్క సరిపోయినందుకు అన్నయ్య మొహం వెలిగిపోయింది. వేగం పెరగకపోయినా సరే.

ప్లాన్ సంగతి. నేను రెండు యాప్‌లు పక్కపక్కన పెట్టుకున్నాను. ఎ బెటర్ రూట్‌ప్లానర్‌లో బండి మోడల్, బయల్దేరే శాతం, మనం వెళ్ళే స్పీడు ఇస్తే రోడ్డు ఎత్తుపల్లాలు కూడా లెక్కేసి ఎక్కడ ఎంతసేపు ఆగాలో చెబుతుంది. ప్లగ్‌షేర్‌లో ఆ చార్జర్ దగ్గర నిజంగా చార్జ్ చేసుకున్నవాళ్ళు రాసిన మాటలు, పెట్టిన ఫోటోలు ఉంటాయి. మొదటిది లెక్క, రెండోది సాక్ష్యం. నేను సాక్ష్యానికే ఎక్కువ విలువిచ్చాను. చార్జర్ కంపెనీ యాప్ మ్యాప్‌లో పచ్చ చుక్క ఉందంటే ఆ యంత్రం సర్వర్‌తో మాట్లాడుతోందని తెలుస్తుంది, కరెంటు ఇస్తుందో లేదో తెలియదు. ‘ఎడమ వైపు గన్ పనిచేయలేదు, కుడిది బాగుంది’ అని నిన్న ఒకరు రాసిపెట్టిన ముక్క ఆ చుక్క కన్నా నయం. మన బండికి సరిపడే ప్లగ్‌ని మాత్రమే చూపించమని ముందే ఫిల్టర్ పెట్టుకోవాలి. ఫాస్ట్ చార్జింగ్ ప్లగ్‌లలో సీసీఎస్‌లోనే రెండు రకాలు, చాడెమో ఒకటి, స్లో చార్జింగ్‌కి టైప్ 2 ఒకటి. ఫిల్టర్ లేకపోతే మ్యాప్ నిండా చుక్కలే కనిపించి ధైర్యం ఎక్కువైపోతుంది.

ప్రతి మజిలీకీ ఒక చార్జర్, దాని వెనక ఇంకో చార్జర్ రాసుకున్నాను. మొదటిదాని దగ్గరికి చేరేసరికి రెండోదాని దాకా వెళ్ళేంత మిగలాలి. చార్జర్లు దగ్గర దగ్గరగా ఉన్న చోట 10 శాతంతో చేరినా పర్లేదు. దూరం దూరంగా ఉన్న చోట 25 కావాలి. ఎప్పుడూ ఇంత ఉంచుకోవాలి అని కొందరు ఒకే అంకె చెబుతారు, అది నాకు నచ్చదు. ఆ అంకెని దారే చెప్పాలి. ఒకే ఒక్క గన్ ఉన్న స్టేషన్‌ని, వేరే దిక్కు లేకపోతే తప్ప, నేను స్టేషన్‌గా లెక్క పెట్టలేదు. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్ కాబట్టి దారిలో తగిలేవన్నీ ఇంటి దగ్గరే దించుకుని, పేరు నమోదు చేసి, డబ్బులు వేసి పెట్టుకున్నాం. సిగ్నల్ లేని చోట నిలబడి ఓటీపీ కోసం చూడటం అంత దిక్కుమాలిన పని ఇంకోటి లేదు. కార్డు తాకిస్తే మొదలయ్యే చార్జర్లున్న కంపెనీల దగ్గర ఆ కార్డులు కూడా తెప్పించుకున్నాం.

ఈ అవస్థ కొత్తదేమీ కాదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని జర్మనీలో మన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌స్‌హైమ్‌కి వంద కిలోమీటర్ల పైచిలుకు కారు నడిపింది. పెట్రోలు బంకు అన్నదే అప్పటికి లేదు. వీస్‌లోక్ అనే ఊళ్ళో మందుల షాపుకి వెళ్ళి, మరకలు తుడవడానికి వాడే లిగ్రోయిన్ అనే ద్రావకం కొని బండిలో పోసింది. ఈ సంగతి చెబితే అన్నయ్య ‘ఆవిడకి మందుల షాపన్నా దొరికింది’ అన్నాడు.

తీరం వెంట దారి సాఫీగా గడిచిపోయింది. చెప్పుకోడానికి ఏమీ లేదు. మైదానంలోకి వచ్చాకే గాలి మొదలైంది.

బయల్దేరేటప్పుడు బండి తెర, తర్వాతి చార్జర్‌కి 27 శాతంతో చేరతామంది. పది నిమిషాలకి 24. ఇంకో పది నిమిషాలకి 20. రోడ్డు చదును, స్పీడు మారలేదు, టైర్లలో గాలి పొద్దునే చూసుకున్నాం. పక్కన పొలాల్లో పైరంతా మా వైపు వంగి ఉంది. ఎదురుగాలి. గంటకు 30 కిలోమీటర్ల గాలి ఎదురైతే, మనం 100లో పోతున్నా బండికి తగిలే గాలి 130ది. దాన్ని వర్గం చేస్తే గాలి అడ్డు దాదాపు 1.7 రెట్లు. తెర మీద ఖర్చు 100 కిలోమీటర్లకి 24 యూనిట్ల దాకా పోయింది. 80కి తగ్గించాను. ఖర్చు 19 దగ్గర నిలబడింది, చేరే శాతం పడటం ఆగి, మెల్లగా ఒకటో రెండో పెరిగింది కూడా. మామూలుగా ఖర్చు పెరుగుతుందంటే మనిషికి కంగారులో ఏసీ ఆపేయాలనిపిస్తుంది. అన్నయ్య చెయ్యి అటే వెళ్ళింది. బండి చల్లబడ్డాక ఏసీ గంటకి తినేది ఒక యూనిట్టుకి అటూ ఇటూ. స్పీడు 20 తగ్గిస్తే వంద కిలోమీటర్లకి అయిదు యూనిట్లు మిగిలాయి. ఉక్కపోతలో కూర్చుని ఆదా చేసేది ఏమంత లేదు.

‘ఆ లారీ వెనకాల పట్టుకుని పోరా, గాలి తగలదు’ అన్నాడు అన్నయ్య. నిజమే, తగలదు. కానీ గాలి తగలనంత దగ్గరగా వెళ్తే బ్రేకు వేసే చోటు కూడా ఉండదు. వద్దన్నాను. లారీకి చాలా వెనక, దాని స్పీడులోనే వెళ్ళాం.

ఇక ఆ రాత్రి సంగతి. మైదానం చివర ఒక స్టేషన్, రెండు యంత్రాలు. యాప్‌లో రెండూ పచ్చగా ఉన్నాయి. చీకటి పడ్డాక 24 శాతంతో చేరాం. ఒకదాని తెర నల్లగా ఉంది. రెండోది వెలుగుతోంది గానీ దాని ముందు ఒకాయన బండి పెట్టుకుని ఫోన్‌లో హెల్ప్‌లైన్‌తో మాట్లాడుతున్నాడు. ‘మీరూ దీనికోసమేనాండీ? గంట నుంచి చూస్తున్నా, మొదలవుతుంది, ఆగిపోతుంది’ అన్నాడు.

ఫాస్ట్ చార్జింగ్‌లో గన్ పెట్టగానే కరెంటు రాదు. ముందు బండీ యంత్రమూ ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని మాట్లాడుకోవాలి. తర్వాత ఎక్కడా కరెంటు లీక్ అవడం లేదని యంత్రం పరీక్ష చేసుకోవాలి. ఇవన్నీ సరిపోతేనే లోపల స్విచ్‌లు పడతాయి. ఈ దశల్లో ఎక్కడ తేడా వచ్చినా మనకి తెర మీద కనిపించేది ‘ఫెయిల్డ్’ అన్న ఒక్క మాటే. కేబుల్ బరువుకి గన్ కిందికి వాలి, లోపల పిన్నులు సరిగ్గా ఆనకపోవడం వల్ల కూడా ఇలా అవుతుంది. అందుకని ఆయన్ని గన్ పిడిని కింద నుంచి చేత్తో పైకి ఎత్తి పట్టుకోమని, నేను యాప్‌లో మొదలుపెట్టాను. అంతకు ముందు వేరేచోట ఈ చిట్కా పనిచేసింది. ఇక్కడ చేయలేదు. హెల్ప్‌లైన్ వాళ్ళు దూరం నుంచే యంత్రాన్ని ఆపి మళ్ళీ ఆన్ చేశారు. మళ్ళీ అదే. యంత్రాన్ని అత్యవసరంగా ఆపే ఎర్ర బటన్ ఎవరైనా నొక్కి వదిలేశారేమో చూడమన్నారు. లేదు. దాని మెయిన్ ఆపి వేయడానికి తాళాలు ఎవరి దగ్గరున్నాయో చెప్పలేకపోయారు. ఇంతలో గన్ బండిలోంచి ఊడిరానంది. బండి లాక్ చేసి మళ్ళీ తీస్తే పిన్ను వదులుతుంది చాలాసార్లు. మా బండికైతే డిక్కీలో ఒక లాగుడు తాడు ఉంటుంది, ఆయన బండికి ఎక్కడుందో పుస్తకం తిరగేసి వెతికాం. చివరికి లాక్ తీసి వేయడంతోనే వచ్చింది.

మా దగ్గర 24 శాతం, అంటే పద్నాలుగు యూనిట్ల పైన. వెనక్కి 38 కిలోమీటర్లలో నాలుగు యంత్రాలున్న స్టేషన్. ముందుకి 61 కిలోమీటర్లలో ఒకే ఒక్క గన్, అదీ ఒక హోటల్ ఆవరణలో. అన్నయ్య ‘వెనక్కా?’ అన్నాడు, ఆ ఒక్క మాటలోనే ఏళ్ళ తరబడి డీజిల్ నడిపిన బాధంతా ఉంది. వెనక్కి వెళ్ళి రావడమంటే 76 కిలోమీటర్లు అదనం. ముందుకి వెళ్తే చేరేది 10 శాతంతో. అక్కడ గన్ పనిచేయకపోతే ఇక ఆశ లేదు. యాప్‌లో ఆ హోటల్ నంబర్ ఉంది. ఫోన్ చేశాను. అవతల కాపలా మనిషి కాబోలు. ‘చార్జర్ పనిచేస్తోందాండీ?’ అంటే ‘చేస్తోందండీ’ అన్నాడు. ఆ జవాబు చాలదు. ఎవరైనా ఆ మాటే అంటారు. ‘ఇవాళ ఎవరైనా పెట్టుకున్నారా? ఎన్ని గంటలకి వెళ్ళారు?’ అని అడిగాను. సాయంత్రం ఆరింటికి ఒక తెల్ల బండి వెళ్ళిందని, ఇప్పుడు ఎవరూ లేరని, గేటు రాత్రి పదింటికి మూస్తారు గానీ తను తీస్తానని చెప్పాడు. ‘ఒక్కసారి దాని దగ్గరికి వెళ్ళి దీపం ఏ రంగులో ఉందో చూసి చెప్పగలరా?’ అన్నాను. పాపం, వెళ్ళి చూసొచ్చాడు. ఆకుపచ్చ.

ముందుకే వెళ్ళాం. చార్జింగ్ కోసం నిలబడ్డ ఆయన దగ్గర మాకన్నా తక్కువ ఉంది, వెనక్కి వెళ్ళాడు. మేం 70 స్పీడులో పోయాం. అన్నయ్య లెక్కల జోలికి పోకుండా తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. ప్రతి అయిదారు కిలోమీటర్లకి ఒక శాతం చొప్పున దిగుతూ, అనుకున్నదానికన్నా కొంచెం ఎక్కువే మిగుల్చుకుని చేరాం. దీపం పచ్చగానే ఉంది. గన్ పెట్టిన నిమిషానికి కరెంటు అందుకుంది, 28 కిలోవాట్లతో. ఆ రాత్రికి ఆ చిన్న అంకె మాకు చాలు.

చార్జింగ్ ఎంతసేపు పెట్టాలన్నది కూడా చెప్పాలి. బస్సు నిండేకొద్దీ ఎక్కేవాళ్ళు నెమ్మదించినట్టు, బ్యాటరీ నిండేకొద్దీ కరెంటు ఎక్కే వేగం తగ్గుతుంది. సెల్ వోల్టేజీ పైహద్దుకి చేరువైనప్పుడు కరెంటు తగ్గించకపోతే లిథియం, సెల్‌లో దాన్ని దాచుకునే గ్రాఫైట్ లోపలికి వెళ్ళలేక పైన లోహంలా పేరుకుంటుంది, బ్యాటరీ ఆయుష్షు పోతుంది. అందుకే బండే తగ్గించుకుంటుంది. మా బండి పెద్ద చార్జర్ మీద సగం నిండేదాకా జోరుగా లాగి, 80 దగ్గర 35 కిలోవాట్లకి, 90 దాటాక 20కి పడిపోయేది. 80 నుంచి 100కి పట్టే టైము 10 నుంచి 80కి పట్టే టైముకి తక్కువేమీ కాదు. కాబట్టి తర్వాతి దూరానికి చాలినంత ఎక్కగానే తీసేయడం మేలు. ఒక్కోసారి 62 దగ్గరే తీసేసి బయల్దేరాం. వెనక ఎవరైనా ఎదురుచూస్తున్నప్పుడు 80 దాటి పెట్టుకుని కూర్చోవడం మర్యాద కూడా కాదు. బండి వదిలి పక్కకి వెళ్తే అద్దం దగ్గర ఫోన్ నంబర్ పెట్టి వెళ్ళాలి.

మొదట్లో అన్నయ్య ఈ ఆగడాలకి విసుక్కున్నాడు. తర్వాత ఆగినప్పుడల్లా నడవడం మొదలుపెట్టాడు. నడుం నొప్పి లేదన్న మాట ఒప్పుకున్నాడు గానీ, టైము పోతోందన్న మాట కూడా వదల్లేదు. రెండూ నిజమే.

కనుమ దారికి నేను ఎక్కువ భయపడ్డాను, తీరా చూస్తే అదే అన్నిటికన్నా లెక్కకి లొంగే దారి. మనుషులు, సామాను కలిపి రెండు టన్నుల బండి 1000 మీటర్లు ఎక్కాలంటే, మామూలు రోడ్డు ఖర్చు కాక అయిదున్నర యూనిట్లు కావాలి. ద్రవ్యరాశి, గురుత్వం, ఎత్తు హెచ్చించుకుంటే వచ్చేస్తుంది, బడి లెక్క. మా కనుమ 1800 మీటర్ల ఎక్కుడు. మోటారు నష్టాలతో సహా 11 యూనిట్లు, అంటే బ్యాటరీలో 18 శాతం. అన్నయ్య కింద నిలబడి 18 అన్నాడు. పైకి వెళ్ళి చూస్తే, దూరానికి అయ్యేది తీసేశాక, 19 అయింది. నెమ్మది స్పీడులో గాలి అడ్డు తక్కువ కాబట్టి ఆ వంకరటింకర రోడ్డులో దూరానికయ్యే ఖర్చు కూడా పెద్దగా లేదు.

అవతలి వైపు దిగడం అసలు సరదా. రీజెన్ పెద్ద స్థాయిలో పెట్టుకుంటే బ్రేకు మీద కాలు వేయాల్సిన పనే చాలా తక్కువ. మోటారే జనరేటరై బండిని పట్టి ఉంచుతుంది, కరెంటు వెనక్కి వెళ్తుంది. 31 శాతంతో దిగడం మొదలుపెట్టి, కింద 36తో తేలాం. డీజిల్ ట్యాంకు ఏ కొండ దిగినా నిండదు కదా అని అన్నయ్యని కాస్త ఉడికించాను. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. కొండ మీద బస చేసి నూరు శాతం నింపుకుని దిగకూడదు. నిండిన బ్యాటరీకి వెనక్కి వచ్చే కరెంటు పెట్టుకునే చోటుండదు, రీజెన్ పనిచేయదు, బండి భారమంతా మామూలు బ్రేకుల మీదే పడుతుంది. దిగే ముందు 85, 90 దగ్గర ఆపుకుంటే చాలు.

పీఠభూమి మీద చలి. అక్కడ నేర్చుకున్న ఒక్క పద్ధతి మిగతా చిట్కాలన్నిటికీ సాటి. రాత్రి బసకి చేరగానే, బండి వెచ్చగా ఉండగానే చార్జింగ్ పూర్తిచేయాలి. ‘పొద్దున చూసుకుందాంలే’ అంటే రాత్రంతా బయట నిలబడ్డ బ్యాటరీ చల్లబడిపోయి, 60 కిలోవాట్ల యంత్రం మీద కూడా ఇరవై చిల్లరతో మొదలవుతుంది. చల్లటి సెల్‌లో వేగంగా చార్జ్ చేస్తే ఇందాక చెప్పిన లిథియం పేరుకునే బెడదే, అందుకే బండి ఒప్పుకోదు. ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ ఉన్న బండ్లకి ఇది మరీ ఎక్కువ. ప్రీకండిషనింగ్ ఉన్న బండి అయితే నావిగేషన్‌లో చార్జర్‌నే గమ్యంగా పెట్టాలి, దారిలోనే బ్యాటరీని వేడి చేసుకుంటుంది. హీటరు విషయం ఏసీలాంటిది కాదు. తక్కువ కరెంటుతో వెచ్చబరిచే హీట్ పంప్ మా బండిలో లేదు, చలి పొద్దున మొదటి పావుగంట హీటరు మూడు నాలుగు కిలోవాట్లు లాగింది. సీటు హీటర్లు పెట్టుకుని, లోపలి హీటరు తగ్గించుకున్నాం. బండి ప్లగ్‌కి తగిలించి ఉండగానే లోపల వెచ్చబరిస్తే ఆ ఖర్చు బ్యాటరీ మీద పడదు.

అందుకే బస ఎక్కడన్నది గది చూసి కాక ప్లగ్ చూసి నిర్ణయించుకున్నాం. 7 కిలోవాట్ల స్లో చార్జర్ ఉంటే 15 శాతంతో వచ్చినా తెల్లారేసరికి నిండుతుంది. మామూలు సాకెట్ అయితే రాత్రంతా పెట్టినా ఇరవై, ముప్పై యూనిట్లే. అది కూడా తక్కువేం కాదు, ఒక మజిలీ తప్పుతుంది. ‘చార్జింగ్ ఉంది’ అని రాసి ఉన్న చోట కూడా ముందే ఫోన్ చేసి, బండి ప్లగ్ పక్కన పెట్టనిస్తారా, రాత్రి కరెంటు ఆపేస్తారా అని అడగాలి. ఒకచోట చార్జర్ బ్రహ్మాండంగా ఉంది, దాని ముందు యజమాని పెట్రోలు బండి పెట్టుకుని ఊరెళ్ళాడు.

గమ్యం చేరిన రోజు అన్నయ్య తన లెక్కల కాగితం ముందు పెట్టాడు. డీజిల్‌తో పోలిస్తే రోజుకి గంట నుంచి రెండు గంటలు ఎక్కువ. ఖర్చు బాగా తక్కువ. ఇంటి దగ్గర, బస దగ్గర నింపిన కరెంటుకీ, హైవే ఫాస్ట్ చార్జర్ల కరెంటుకీ తేడా ఎక్కువ కాబట్టి, ఫాస్ట్ చార్జర్ల మీదే నడిస్తే ఆ లాభం బాగా తగ్గుతుందని కింద గీత గీసి మరీ రాశాడు. ‘నాకు ఆ హోటల్ రాత్రి తప్ప ఏ ఫిర్యాదూ లేదు. కానీ అలాంటి రాత్రి ఒక్కటి చాలు’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నేను మళ్ళీ వెళ్తాను, ఇదే బండిలో, చార్జర్ వెనక చార్జర్ ఉన్న దారుల్లో. ఒక్క గన్ మీద ఆధారపడే దారిలో, ఫలానా గంటకి చేరి తీరాల్సిన పని మీద మాత్రం వెళ్ళను. అలాంటి పని పడితే అన్నయ్య డీజిల్ బండే అడుగుతాను. ఈ మాట అన్నయ్యకి ఇంకా చెప్పలేదు.